ఉడుకునీళ్లకు టికెట్టా?

ఐస్‌లాండ్ ఫోటోలు ఇంకా అయిపోలేదు. వడమాలపేట మామ కాఫీ తాగుతున్నా, పేపరు తిరగేస్తున్నా, అమెరికా మేనల్లుడి ఫోను ఆయన ముక్కు కిందికి వస్తూనే ఉంది. నీలం నీళ్లు, పొగలు, మొహానికి తెల్లటి పూతతో మెడదాకా మునిగిన మేనల్లుడు. "భూమిలోంచే ఉడుకునీళ్లు మామా!" టికెట్టు వేలల్లోనట.

మామ ఊరికే వినుంటే బాగుండేది. వెతికి చదివాడు. ఆ బ్లూ లగూన్ దేవుడు పుట్టించిన గుండమేం కాదు. పక్కనే స్వార్త్‌సెంగి అనే జియోథర్మల్ కరెంటు కేంద్రం ఉంది. 1976 ప్రాంతంలో అది వాడి వదిలేసిన నీళ్లు లావా రాళ్లలో చేరాయి, నీళ్లలోని సిలికా సందులు పూడ్చేసింది, మడుగు నిలిచింది. "అంటే దుడ్డిచ్చి ఫ్యాక్టరీ కాలవలో మునిగొచ్చినావన్నమాట."

మేనల్లుడు గుహ ఫోటో చూపించాడు. గ్రియోతాగ్యా, లోపల వేడినీటి గుండం. ఒకప్పుడు జనం స్నానాలు చేసేవారు. 1975-84 మధ్య క్రాఫ్లా అగ్నిపర్వతం రగిలి నీళ్లు ఒంటికి తాళలేనంత కాగాయి. ఇప్పుడు చూడ్డమే, దిగనివ్వరు.

"దిగనియ్యని గుండానికి సముద్రాలు దాటి పోవాల్నా?"

మామ కడుపుమంటకు కారణం మిద్దెమీద ఉంది. నల్ల ట్యాంకు. మే నెలలో వడమాలపేటలో ప్రతి ఇల్లూ వేడినీళ్ల పార్కే. కాళ్లు కడుక్కోబోయినవాడు గంతులేస్తాడు. ట్యాంకుకు తడి గోనెసంచులు చుట్టాడు, సున్నం కొట్టాడు, టెంకాయాకుల పందిరి వేశాడు. పందిరి గాలికి పోయింది, వేడి పోలేదు. వెలుతురు చొరబడి పాచి పట్టకూడదని నలుపు రంగట. పాచి పట్టని మాట నిజమే, పట్టు వదిలేది మనిషి తోలే. చివరికి ఆదుకున్నది గీజరు. స్విచ్చి వేయకుండా వదిలేస్తే, గోడ నీడలో, మందపాటి తొడుగు లోపల రాత్రి నిండిన నీళ్లు చల్లగా ఉంటాయి. కాబట్టి ఆ ఇంట్లో ఎర్రగుర్తు కొళాయి చల్లన, నీలంగుర్తు కొళాయి సలసల. చుట్టాలకు ఈ శాస్త్రం ముందే చెప్పాలి. బాత్రూంలోంచి వచ్చే కేకను బట్టి చుట్టం ఊరేదో మామ చెప్పేయగలడు: బెంగళూరువాడు అమ్మా అని అరుస్తాడు, మద్రాసువాడు అరవడు.

నిజం గుండాలే కావాలంటే మనకు మాత్రం లేవా? భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో వేడినీళ్లు బోరులోంచి మోటారు లేకుండానే పొంగుతాయి. ఆ వేడితో 20 కిలోవాట్ల కరెంటు తీసే ప్రయోగం సింగరేణి చేసింది. ఇక గుహ? బెలుం ఉంది, 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాని సంగతి రాశాడు. లోపలి ఉక్కకు పాతాళగంగ చేరేసరికి చొక్కా పిండుకోవచ్చు. గుహా, ఉడుకునీళ్లూ ఒకే టికెట్టులో.

భూమిలోంచి ఉడుకునీళ్లు అన్న మాట దగ్గర మాత్రం మామకు నవ్వు రాలేదు. లోతుకు పోయేకొద్దీ నేల వేడెక్కుతుంది, ప్రపంచ సగటు కిలోమీటరుకు 25-30 డిగ్రీలు. వెయ్యడుగుల బోరు నీళ్లు గోరువెచ్చగా రావడం వింతేం కాదు. మామిడితోపులో దిగుడుబావి ఉన్నన్నాళ్లూ ఎవరికీ అంత లోతు అక్కర్లేకపోయింది. మండుటెండలో మెట్లు దిగినా ఒళ్లు జివ్వుమనేది. మేనల్లుడి అమ్మ ఈత నేర్చింది అందులోనే. ఇప్పుడు దాన్లో పాత టైర్లు, టెంకాయ డొక్కలు వేస్తున్నారు.