అనిపిస్తోంది అన్నాను

ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప నా మనసు తేలికపడేలా లేదు. ప్రేమగా మాట్లాడటం ఎలాగో పుస్తకం చదివి నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదానితోనే మా ఆవిడ మనసు విరిచాను.

పుస్తకం మంచిదే. మార్షల్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వవేత్త రాసింది, 1999లో వచ్చింది. 1943లో డెట్రాయిట్‌లో జాతి అల్లర్లు జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు, చిన్నపిల్లవాడు. మనుషులు మనుషుల్ని ఎందుకలా చంపుకుంటారన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. పెద్దయ్యాక తన పద్ధతికి గాంధీగారి అహింస పేరే పెట్టుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పు, నీకెలా ఉందో చెప్పు, నీకేం అవసరమో చెప్పు, ఆ తర్వాత అడుగు. ఇంతే, నాలుగు మెట్లు. ఒక్క రాత్రిలో చదివేశాను. తెల్లారేసరికి ఈ భూమ్మీద మాట్లాడటం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అన్నంత ధీమా.

ఆ సాయంత్రం మా ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చెంపకీ భుజానికీ మధ్య ఫోను. అవతల మా వదిన. ఫోను పెట్టీ పెట్టగానే అందుకున్నాను.

"ఈ వారంలో నాలుగు రోజులు నేనొచ్చేసరికి నువ్వు ఫోన్లోనే ఉన్నావు. నన్ను లెక్కచేయట్లేదని అనిపిస్తోంది. నాకు గౌరవం అవసరం. ఇకమీదట ఆ వేళప్పుడు ఫోను ఎత్తకుండా ఉంటావా?"

"కుదరదండీ," అంది.

అంతే, ఒళ్లు మండిపోయింది, గొంతు లేచింది, గౌరవం అన్నాను, సంసారం అన్నాను, మూడేళ్ల కిందట సంక్రాంతికి వాళ్ల పుట్టింట్లో జరిగింది తవ్విపోశాను, లోపలికెళ్లి ఆ పుస్తకం తెచ్చి, గీత గీసుకున్న పేజీ తీసి ఆమె ముఖం ముందు పెట్టాను.

తను తలెత్తలేదు. "బావగారు పోయి రెండు నెలలండీ. దీపాలు పెట్టే వేళకి ఆ ఇంట్లో ఒక్కతే ఉండాలంటే అక్కకి భయమేస్తోందట. ఎత్తకుండా ఎలా ఉంటాను?"

రెండు నెలలు! పెద్దకర్మకి వెళ్లాను, భోజనం చేసి వచ్చాను. ఆ తర్వాత వదిన ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

అడిగినదానికి ఎదుటివాళ్లు కాదంటే మనకి కోపం వచ్చిందా, మనం చేసింది అడగడం కాదు, హుకుం జారీ చేయడం. ఇదీ ఆ పుస్తకంలోదే. గుర్తు రావలసిన క్షణంలో రాలేదు.

ఆ రాత్రి నన్ను నిలదీసింది మాత్రం 'అనిపిస్తోంది' అన్న మాట. మనసులో మాట చెప్పడానికి మన తెలుగులో ఎన్ని లేవు! దిగులుగా ఉంది, బెంగగా ఉంది, భయమేస్తోంది. వీటిలో ఎదుటి మనిషి మీద నేరం లేదు. 'నన్ను లెక్కచేయట్లేదని అనిపిస్తోంది' అన్నదాంట్లో ఉన్నదంతా నేరమే. చివర 'అనిపిస్తోంది' తగిలిస్తే అది నా బాధ అయిపోతుందనుకున్నాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలా అనే ఉంటారు. మా వదిన ఏ పుస్తకమూ చదవలేదు. భయమేస్తోంది అంది. చెల్లెలు రోజూ ఫోను ఎత్తుతోంది.

మూడు రోజులు మా ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. నాలుగో రోజు తను మళ్లీ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే, వెళ్లి చాట పక్కన కూర్చున్నాను.

"ఇంటికొచ్చాక నీ పలకరింపు లేకపోతే బెంగగా ఉంటోంది."

ఇంత చిన్న మాట. పాతికేళ్ల కాపురంలో ఒక్కసారి అనలేదు. అంటే లోకువైపోతానని భయం.

తను చేతిలో పని ఆపి చూసింది. "ఆ మాట అనొచ్చుగా," అంది.

అప్పుడే ఫోను మోగింది. చాట నా వైపు లాక్కున్నాను. తను ఫోను ఎత్తి, "అక్కా, ఒక్క నిమిషం" అని, నేను తీసుకున్న ముదురు కాయ నా చేతిలోంచి లాగి పక్కన పడేసి, లేతది పెట్టింది.