సందు మూతల విమానకర్త

మేడమీది విమానకర్త అంటే సొంత డాబా మీద ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టుకునే మధ్యవయసు గృహస్థు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పాఠాలు చెప్పే లెక్కల మాస్టర్లలోనూ, ఎల్బీనగర్ కాలనీల్లో ముందే రిటైర్‌మెంట్ పుచ్చుకున్న ఇంజనీర్లలోనూ ఈ రకం మొలకెత్తుతుంది. జబ్బుకు మూలం దూరంలో లేదు. నాదర్‌గుల్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కణ్ణుంచి లేచిన శిక్షణ విమానం చప్పుడు విని చిన్నప్పుడు మేడెక్కిన పిల్లల్లో అందరూ కిందికి దిగి వచ్చారు, ఇతడు తప్ప.

ఇతని ప్రతిభంతా విమానంలో కన్నా దాని సందు మూతలో కనిపిస్తుంది. అందుకు కారణం 150 గజాల ఇల్లు. ఆ స్థలం 27 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు అనుకుంటే, 1984లో అమెరికాలో తొలిసారి ఎగిరిన కిట్‌ఫాక్స్ వంటి విమానానికి రెక్కల కొస నుంచి కొసకు సుమారు 32 అడుగులు. అడ్డంగా పెడితే అయిదడుగుల రెక్క పక్కింటివాళ్ల గాల్లో ఉంటుంది. నిలువునా పెడదామంటే వాటర్ ట్యాంకు అడ్డం. కనుక రెక్కలు వెనక్కి మడిచే నమూనాయే గతి. మడిచే రెక్కకూ విమానం ఒంటికీ మధ్య సందు తప్పదు. ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి ఆ సందులోంచి పైకి దూరి లిఫ్ట్‌ను కొంత తినేస్తుంది, సుడులు రేపి డ్రాగ్ పెంచుతుంది. దాన్ని ఆపేదే ఫైబర్ మూత. వాటర్ ట్యాంకు దగ్గర మొదలైన పేచీ ఇలా ఏరోడైనమిక్స్‌లో తేలుతుంది.

మూతకు ముందు అచ్చు కావాలి. మన విమానకర్త పొదుపరి. కాలనీలో పెళ్లి అయిపోయాక స్టేజీ వెనక పడేసిన థర్మాకోల్ తెచ్చి, రెక్క వంపుకు సరిపడా చెక్కుతాడు. దాని మీద గ్లాసు మ్యాట్ పరిచి, బంపర్ల షాపులో కొన్న పాలియెస్టర్ రెసిన్ పూస్తాడు. ఆ రెసిన్‌లో ఉండే స్టైరీన్ థర్మాకోల్‌ను కరిగిస్తుందన్న సంగతి మర్నాడు పొద్దున తెలుస్తుంది. అచ్చు ఉండవలసిన చోట గుంట, గుంటలో ముడుచుకుపోయిన మ్యాట్ ఉంటాయి. థర్మాకోల్‌ను ఏమీ చేయని ఎపాక్సీ రెసిన్‌కు అతడు మారడం ఈ దశలోనే. అచ్చు మీద బ్రౌన్ టేపు నున్నగా అంటించి, మైనం రుద్ది, ఆరిన మూత ఊడి వచ్చేలా చూసుకోవడం కూడా ఇప్పుడే నేర్చుకుంటాడు.

బంపర్ల షాపు కుర్రాడి పాత్ర చిన్నది కానీ ముఖ్యమైనది.

“ఇది ఏ బండిది సార్?”

“బండి కాదు, విమానం.”

“విమానమైతే జర ఎక్కువైతది సార్.”

అసలు కష్టం మే నెలలో. రెసిన్, హార్డెనర్ కలిపాక పనికొచ్చే సమయం నీడపట్టున అరగంట ఉన్నా, ఎండలో కాగిన డాబా మీద అందులో సగం కూడా మిగలదు. కప్పు నిండా కలిపితే వేడి వేడిని పెంచుతుంది. కప్పు పొగలు కక్కి, కుంచె అందులో నిటారుగా నిలబడిపోతుంది. ఒక్కో విమానకర్త మేడ మీద ఇలాంటి కుంచెల కప్పులు పూలకుండీల వరుసలో ఉంటాయి. తెలిసినవాడు తెల్లవారుజామున, కొంచెం కొంచెం కలుపుకుని, గుడ్డను 45 డిగ్రీల వాలులో పరుస్తాడు. అలా వేస్తే మూత మెలికకు తట్టుకుంటుంది, వంపులో ముడతా పడదు. రెసిన్ ఎక్కువైతే బలం రాదు, బరువే వస్తుంది. ఈ ఒక్క విషయంలో ఇతడు ఇంట్లో నూనె వాడకం గురించి కూడా ఉపన్యాసం ఇస్తాడు.

ఎప్పుడు ఎగురుతుందని ఇంట్లో అడిగినప్పుడల్లా ముంబయి అమోల్ యాదవ్ పేరు బయటికొస్తుంది. మేడ మీద విమానం కట్టిన ఆయనకు 2017లో డీజీసీఏ రిజిస్ట్రేషన్ దొరికింది.

“ఆయన పైలట్ కదండీ,” అంటుంది ఇల్లాలు. ఇతడు గరుకు కాగితం అందుకుంటాడు.

చివరికి మూత అంచులు అరగదీసి, స్క్రూలకు రంధ్రాలు వేస్తాడు. రెక్క మడిచిన ప్రతిసారీ మూత విప్పాలి కనుక బంక పనికిరాదు. ఎడమ మూత అతికినట్టు కూర్చుంటుంది. అదే అచ్చు మీద తీసిన రెండో మూత కుడి రెక్క మీద కూర్చోదు, ఎందుకంటే అదీ ఎడమదే. కుడి ఎడమలు అద్దంలో బొమ్మల్లాంటివి, ఒక అచ్చు రెండింటికీ చెల్లదు. ప్రస్తుతం ఆ మిగులు ఎడమ మూత బోరు మోటారు స్టార్టర్ మీద వాన పడకుండా కాస్తోంది. కుడివైపు అచ్చుకు థర్మాకోల్ కావాలి. శ్రావణంలో పెళ్లిళ్లున్నాయి.