నిద్ర కరువైన కణాన్ని

నేను సీడీ4 టి కణాన్ని. మజ్జలో పుట్టి, థైమస్ గ్రంథిలో పెరిగాను. చిన్నప్పుడు మా మనిషికి తట్టు టీకా వేస్తే ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకున్న వంశం మాది. బి కణాలను లేపి యాంటీబాడీలు చేయించింది మేమే. పని తీరాక నిద్రపోతాం, పిలిస్తే లేస్తాం. అదే మా బతుకు.

తర్వాత అతనికి హెచ్ఐవీ సోకింది. దాని మీది జీపీ120 ప్రొటీన్ వచ్చి పట్టుకున్నది నా సీడీ4నే, నా పేరుకే కారణమైన దాన్ని! పక్కనున్న సీసీఆర్5 ఊతంతో లోపలికి దిగి, నా జన్యువుల్లో తన జన్యువులను అతికించింది. కొద్ది వారాల్లోనే పేగు గోడల్లోని మావాళ్లలో చాలామంది పోయారు.

చనిపోవడం కన్నా ఘోరం నా చుట్టూ చూశాను. వైరస్ మావాళ్ల చేత నెఫ్ అనే చిన్న ప్రొటీన్ చేయించేది. ‘నాలో శత్రువు ఉన్నాడు’ అని చంపే టి కణాలకు తెలిపే గుర్తులను అది కణం మీంచి లాగేసేది. ‘నన్ను చంపి ఒంటిని కాపాడండి’ అని చెప్పుకునే దారి కూడా మూసేసింది. పైగా కణాన్ని చిన్న కబురుకే ఉలిక్కిపడేలా చేసేది. మేలుకున్న కణంలోనే కదా వైరస్ బాగా పెరిగేది!

పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే కోతుల రక్తంలో ఇలాంటి వైరస్ బోలెడుంటుంది. అయినా వాటికి ఎయిడ్స్ రావడం చాలా అరుదు. అక్కడి నెఫ్, కబురును టి కణం లోపలికి చేర్చే సీడీ3ని కూడా తీసేస్తుంది. కబురు అందని కణం ఊరికే లేవదు. కోతులు తట్టుకోవడానికి ఇదొక కారణమని 2006లో శాస్త్రవేత్తలు సూచించారు. మాకు పట్టిన హెచ్ఐవీ-1 నెఫ్‌కు ఆ గుణం లేదు. ఏళ్ల తరబడి ఆగని ఈ మెలకువే మమ్మల్ని అరగదీసింది.

మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో హెచ్ఐవీ మందులు ఉచితం. మా మనిషీ వేసుకున్నాడు, మా లెక్క పెరిగింది. ఒళ్లు తేరుకోగానే మానేశాడు! మాత్రలు వైరస్‌ను కొత్త కణాల్లోకి పోనివ్వవు గానీ, నిద్రపోతున్న నాలోంచి దాన్ని తీసెయ్యలేవు. ఈ సంగతి అతనికి ఎవరూ నచ్చజెప్పలేదో, విని మరిచాడో. నాలాంటివాళ్లు కొందరు లేచారు, వాళ్లతోపాటు అదీ లేచింది. ఘన మిల్లీమీటరు రక్తంలో మా లెక్క 200 కిందికి పడింది, అతనికి క్షయ పట్టుకుంది.

ఇప్పుడు మళ్లీ వేసుకుంటున్నాడు. తెలిసినవాళ్లు చూస్తారని సొంత ఊరి కేంద్రం వదిలి పక్క జిల్లాకు పోతున్నాడు. దూరమైనా సరే, పో నాయనా. బస్సు తప్పిపోయిన రోజు మాత్రం సొంత ఊరి కేంద్రానికైనా వెళ్లు.