ఫారం నింపని మార్పు

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ యుటిలిటీ విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. బాయిలర్లు, చిల్లర్లు, ఎయిర్ కంప్రెసర్లు నా బాధ్యత. అక్కడ గ్యాస్కెట్ రకం మార్చాలన్నా చేంజ్ కంట్రోల్ ఫారం నింపాలి. ఎందుకు మారుస్తున్నాం, దానివల్ల ఇంకేం మారుతుంది అన్నది రాసి, క్వాలిటీ వాళ్ల సంతకం పడేదాకా పానా పట్టకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ మాట చెప్పేది నేనే. నా సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

కారు 2021 పోలో. మూడు సిలిండర్ల లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్, 110 హార్స్‌పవర్. 175 న్యూటన్ మీటర్ల టార్క్ 1,750 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. కొల్లూరు నుంచి డ్యూటీకి సర్వీస్ రోడ్డు మీద టిప్పర్లు, ట్యాంకర్ల వెనకాలే వెళ్లే నాకు ఇంజిన్ మూడు వేలు దాటే అవసరమే తక్కువ. కానీ ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పెద్ద కార్లు నన్ను దాటి వెళ్లిపోయేవి. అది భరించలేకపోయాను. ఔటర్ మీద పరిమితి 120, ఆ వేగాన్ని నా కారు ఏ ఆయాసం లేకుండా అందుకునేది. ఆ సంగతీ తెలుసు.

టర్బో అంటే కంప్రెసరే. సైలెన్సర్ వైపు పోయే వేడి గ్యాసు ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకున్న రెండో చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ ఇరుసు తేలేది పలచటి ఆయిల్ పొర మీద. చక్రం పెద్దదైతే గాలి ఎక్కువ, నిజమే. దాన్ని తిప్పడానికి గ్యాసు కూడా ఎక్కువ కావాలి. చిన్న ఇంజిన్ అంత గ్యాసును పై వేగాల్లోనే ఇవ్వగలదు. లోడుకు తగ్గ కంప్రెసర్‌ని ఎంచుకోవడం నాకు అన్నం పెడుతున్న విద్య. అయినా కారుకు పెద్ద టర్బో వేయించాను.

బిగించిన మెకానిక్ ముందే చెప్పాడు: "పిస్టన్లు కూడా మార్చుకుంటే మంచిది సార్. పెట్రోలు మాత్రం 95 ఆక్టేన్ తప్ప పోయకండి." పిస్టన్లు తర్వాత చూద్దామన్నాను. వంటింటి అల్మరాల కోసం మా ఆవిడ పాడిన చీటీ డబ్బు అప్పటికే సగానికి పైగా అయిపోయింది. ఆమెకు బ్రేకులు, సస్పెన్షన్ పని అని చెప్పాను. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పలేదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను చదివి పక్కన పెట్టాను.

పెద్ద టర్బోతో 3,500 దాటాక కారు నిజంగానే ఎగిరింది. ఆ దిగువన, అంటే నేను రోజూ నడిపే చోట, మునుపటి కంటే మందకొడిగా తయారైంది. స్పీడ్ బ్రేకర్ దిగాక ఒకప్పుడు రెండో గేరులో చటుక్కున లాగే బండి ఇప్పుడు ఆలోచించేది. డబ్బు పోసి నా రోజువారీ కారును పాడుచేసుకున్నానని మొదటి వారంలోనే అర్థమైంది. ఒప్పుకోలేదు.

ఒక రాత్రి షిఫ్టు దిగి వస్తూ, దొరికిన బంకులో మామూలు పెట్రోలు పోయించాను. మర్నాడు ర్యాంప్ ఎక్కుతుంటే ఇంజిన్‌లో గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం. సిలిండర్‌లో మంట అదుపు తప్పి పిస్టన్‌ను బాదుతున్న చప్పుడది. ఫ్యాక్టరీలో అయితే మిషను అప్పుడే ఆపించేవాణ్ని. ఇక్కడ పాటల సౌండు పెంచాను. మూడు వారాలు అలాగే నడిపాను.

కొల్లూరు ఎగ్జిట్‌కు కాస్త ముందు, వెనక సీట్లో మా అమ్మాయి ఉండగా, కారు వణికి బలం పోయింది. అద్దంలో నీలి పొగ. లారీలు హారన్ కొడుతూ పక్కనుంచి పోతుంటే ఎడమ అంచుకు చేర్చేసరికి నా చేతులు చెమటతో జారుతున్నాయి. పిల్లను దింపి రెయిలింగు అవతల నిలబెట్టాను. "నాన్నా, ఏమైంది?" అంటే నోరు పెగల్లేదు.

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. చీటీ డబ్బు మాట ఆమె ఎత్తలేదు. "ఆ చప్పుడు వింటూనే పిల్లను ఎక్కించుకున్నారా?" అని అడిగి లోపలికి వెళ్లింది.

ఇంజిన్ విప్పితే రెండో పిస్టన్‌లో రింగు కూర్చునే అంచు విరిగి ఉంది. ఆ ముక్కను అరచేతిలో పెట్టి మెకానిక్ నెమ్మదిగా అడిగాడు, "సార్, మీరేం పనిచేస్తారు?"

ఆఫీసు పని అన్నాను.