డిమ్ కొట్టేవాడేడీ?

పోయిన కార్తీక మాసంలో తర్లుపాడులో మా చెల్లెలి ఇంటికి పోయి, రాత్రి ఎనిమిదిన్నరకు స్కూటర్ మీద మార్కాపురం తిరిగొస్తున్నాను. ఎదురుగా ఒక కారు. వెల్డింగు పెట్టినప్పుడు వచ్చే వెలుగు చూశారా, అచ్చం అదే తెలుపు, అంచుల్లో నీలం. నేను డిమ్ కొట్టాను. వాడు కొట్టలేదు. రెండోసారి కొట్టాను. వెలుగు తగ్గకపోగా గుంటల్లో ఎగురుతూ మీదికొచ్చింది. కారు దాటిపోయాక నా కళ్ల ముందు ఒక నల్లటి మచ్చ తప్ప రోడ్డు లేదు. బ్రేకు తొక్కి మార్జిన్‌లోకి దిగితే ముందు చక్రం కంకర కుప్పలో గుచ్చుకుని ఆగింది. మచ్చ కరిగాక చూస్తే రెండు బారల దూరంలో గేదెను తోలుకుపోతున్న మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూడనే లేదు.

"ఏం పెద్దాయనా, దెబ్బ తగిలిందా?" అని ఆయనే నన్ను అడిగాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఊళ్లో నలభై ఏళ్లకు పైగా బండ్లకు వైరింగు చేసి, లైట్లు కట్టి పిల్లల్ని పెంచినవాణ్ణి. ఒక లైటు వల్ల మనిషి ప్రాణం పోయేంత పని జరగబోయింది, అది కూడా నా చేతుల్లో. ఆ కోపం ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

నేను పనికి చేరింది 1970లో. మా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోంచి విడిపోయి కొత్త ఒంగోలు జిల్లాలో కలిసిన ఏడాది అది. ప్రకాశం అన్న పేరు రెండేళ్ల తర్వాత పెట్టారు. మా మేస్త్రి షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా పలకల లారీలు. మార్కాపురం పలక దేశమంతా తిరిగిన రోజులు. టాటా బెంజి, లేలాండ్ లారీలు, నాలుగు అంబాసిడర్ ట్యాక్సీలు, ఒకటి రెండు జీపులు, ఇంతే. అంబాసిడర్‌కు డైనమో ఉండేది. ఇంజను నెమ్మదిస్తే లైటు ఎర్రబడేది, రేజ్ ఇస్తే వెలిగేది. బల్బు బ్రైట్‌కు 45 వాట్లు, డిమ్‌కు 40. ఇవాళ పిల్లలు దాన్ని చూస్తే దీపం అనరు, మిణుగురు అంటారు.

అయినా ఆ మిణుగురును మా మేస్త్రి గోడ మీద చూడకుండా షెడ్డు దాటనిచ్చేవాడు కాదు. షెడ్డుకు ఎదురుగా పలకల ఫ్యాక్టరీ గోడ ఉండేది, సున్నం కొట్టిన గోడ. సందె చీకటి పడ్డాక బండిని గోడకు సూటిగా పాతికడుగుల దూరంలో నిలబెట్టేవాళ్లం. టైర్లలో గాలి చూడాలి. డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టాలి. "లోడు బండా, ఖాళీ బండా?" అని మేస్త్రి తప్పకుండా అడిగేవాడు. పలకలు ఎక్కితే వెనక కమాన్లు కుంగుతాయి, ముందు లేస్తుంది, లైటు చెట్ల మీదికి పోతుంది. తర్వాత లైటు నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున బలపంతో అడ్డగీత గీసేవాణ్ణి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు నాలుగు వేళ్లు కిందుండాలి. బొటనవేలు పక్కన పెట్టి, మిగతా నాలుగూ కలిపి గోడకు ఆనించి చూసేవాడు మేస్త్రి. ఒక వేలు ఎక్కువైనా స్క్రూడ్రైవర్ మళ్లీ నా చేతికిచ్చేవాడు. హెడ్‌లైట్ డూము పక్కన ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ. పావు తిప్పు తిప్పితే గోడ మీద వెలుగు బెత్తెడు జరిగేది. ఒక్కో బండికి ముప్పావు గంట పట్టేది. దానికి వేరే కూలి లేదు, లైటు పనిలోనే కలిసి ఉండేది.

డ్రైవర్లు కూడా అలాగే ఉండేవాళ్లు. అంబాసిడర్‌లో డిమ్ స్విచ్చి క్లచ్ పక్కన నేల మీద ఉండేది. ఎడమ కాలితో నొక్కితే డిమ్, మళ్లీ నొక్కితే బ్రైట్. వానాకాలం చెప్పుల బురదకు ఆ స్విచ్చి తుప్పు పట్టి ఇరుక్కుపోతే, రాత్రి ప్రయాణం మానుకుని మా షెడ్డు ముందే పడుకున్న ట్యాక్సీ డ్రైవర్లు నాకు తెలుసు. డిమ్ లేని బండితో ఎలా పోతాం మేస్త్రీ అనేవాళ్లు. లారీ వెనక హారన్ ప్లీజ్ కింద డిప్పర్ ఎట్ నైట్ అని రాసి ఉండేది. అది అలంకారానికి రాసింది కాదు. హెడ్‌లైట్ అద్దం పై సగానికి నల్లరంగు పూయడం కూడా మా పనే. లేకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి ఆపేవాడు. ఆ రంగు నా బ్రష్షుతో ఎన్ని వందల డూములకు పూశానో.

గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల వైపు పోయే నల్లమల ఘాటులో ఒక పద్ధతి నడిచేది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. మలుపు అవతల వెలుగు కనపడగానే దిగేవాడు కొండ పక్కకు ఆగి, హెడ్‌లైట్ తీసేసి పార్కింగ్ లైట్ మీద నిలబడేవాడు. ఎక్కేవాడు దాటిపోతూ చిన్నగా ఒక హారన్ కొట్టేవాడు. దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేని మనిషి పెట్టే దండం అది. ఎడ్లబండి వాళ్లు ఇరుసు కింద లాంతరు వేలాడదీసేవాళ్లు. ఆ లాంతరు మన బ్రైట్‌లో కనపడదు, డిమ్‌లోనే కనపడుతుంది. అందుకే డిమ్ కొట్టడం ఎదుటి కారుకే కాదు, రోడ్డు మీదున్న ప్రతి మనిషికీ ఇచ్చే మర్యాద.

పాతదంతా మంచిదని నేను అనడం లేదు. ఆ 45 వాట్లతో కంభం చెరువు కట్ట పక్కన వానలో బండి నడిపినవాడికి తెలుసు, ముందు పది గజాలు కనపడితే గొప్ప. హాలోజెన్ హెచ్4 బల్బు ఐరోపాలో 1971లో వచ్చింది. అది మా షెడ్డు దాకా రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. మొదటిసారి 60/55 బల్బు వేసి గోడ మీద చూసినప్పుడు మా మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 100/90 బల్బులు వచ్చాయి. కంపెనీ ఇచ్చిన సన్న వైరు మీద వాటిని వేస్తే హోల్డర్లు కరిగిపోయేవి. అందుకని రిలే పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు తెచ్చి కట్టేవాళ్లం. నేనూ కట్టాను. అడిగినవాడికల్లా ఆ బల్బులు వేయడం తప్పేనని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. వెలుగు పెంచే పని అప్పుడే మొదలైంది. కానీ గోడ దగ్గరికి బండిని తీసుకుపోవడం మాత్రం మేం మానలేదు.

ఇప్పుడు మానేశారు. నా కోపమంతా అక్కడే.

ఇవాళ ఏ కుర్రాడైనా ఎల్ఈడీ బల్బుల జత కొంటాడు. డబ్బా మీద ఇరవై వేల ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. మామూలు హాలోజెన్ బ్రైట్‌లో ఇచ్చేది సుమారు 1,650, డిమ్‌లో 1,000. ఆ ఇరవై వేలు నిజం కాదు, కానీ కళ్లు చెదరడానికి అంత అక్కర్లేదు కూడా. హాలోజెన్ బల్బు విప్పి చూడండి, లోపల రెండు తీగలుంటాయి. డిమ్ తీగ కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప వల్ల వెలుగు డూము పై భాగానికే తగిలి రోడ్డు మీదికి వాలుతుంది. డూమును ఆ తీగ కోసం, సరిగ్గా ఆ చోటు కోసం చెక్కారు. తీగ ఉండాల్సిన చోట బల్లపరుపు చిప్పు పెడితే, అది ఏ కొంచెం ముందుకో వెనక్కో ఉంటే, వెలుగు చెదిరి ఎదుటివాడి ముఖం ఎత్తుకు లేస్తుంది. బండి నడిపేవాడికి అంతా తెల్లగా బ్రహ్మాండంగా కనపడుతుంది. ఎదుటివాడికి కనపడేది వాడికి తెలియదు.

పైగా బిగించేవాడు బల్బు మార్చి, హారన్ కొట్టి చూసి, డబ్బులు తీసుకుని పంపేస్తాడు. గోడ లేదు, గీత లేదు. కార్లలో స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటుంది. వెనక మనుషులు, సామాను ఎక్కినప్పుడు లైటు కిందికి దించడానికి ఇచ్చింది అది. నేను అడిగిన పదిమందిలో ఒక్కడికీ తెలియదు అదేమిటో. 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటార్ సైకిళ్లకు లైటు ఆపుకునే స్విచ్చే లేదు, పగలూ వెలుగుతూనే ఉండాలి. మంచిదే. కానీ రాత్రి కూడా బ్రైట్‌లోనే వదిలేస్తున్నారు. జీపుల మీద బారు లైట్లు కట్టుకుని దోర్నాల నుంచి శ్రీశైలం అడవిలోకి పోయేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. అక్కడ దుప్పి వెలుగులో కొయ్యబారి నిలబడిపోతుంది. డిమ్ కొట్టి ఆగితే కదిలి పోతుంది. రాత్రి తొమ్మిదికి అడవి దారి గేటు వేసేది ఆ మూగజీవాల కోసమే.

కేంద్ర మోటారు వాహనాల రూల్స్, 1989లోని 106వ నెంబరు నాకు కంఠతా వచ్చు. లైటుకు 8 మీటర్ల ముందు, కుడి పక్కకు అర మీటరు దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకూడదు. చూడండి, ఆ రూలు కన్ను సంగతి చెప్పింది. 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 50 మీటర్లు గుడ్డిగా పోతుంది. నా వయసు కంటికి మూడు సెకన్లు చాలవు. శుక్లం తీసి అద్దం పెట్టిన కన్ను నాది.

మా మనవడు బెంగళూరు నుంచి సెలవుకు వచ్చి, "తాతా, కారుకు ప్రొజెక్టర్లు వేస్తున్నా" అన్నాడు. ముందు తిట్టాను. సుప్రీంకోర్టు 2019లో చెప్పింది కదరా, ఆర్‌సీ వివరాలకు, కంపెనీ మొదట చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని, ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగి రా అన్నాను. వాడు అడిగొచ్చాకే డూములు విప్పనిచ్చాను. బంపర్ ఊడదీసి, డూము అంచుల్ని హీట్ గన్‌తో కాల్చాం. అద్దాన్ని పట్టి ఉంచిన నల్ల బంక మెత్తబడి, అద్దం లాగుతుంటే బెల్లం పాకంలా తీగలు సాగింది. లోపల ప్రొజెక్టర్ పెట్టాక నేను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాను. వెనక గిన్నె వెలుగును ఒక చోటికి పోగుచేస్తుంది. అక్కడ ఒక రేకు అడ్డం. ముందు బుడగలాంటి అద్దం ఆ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి, రేకు కింద ఆపిన చీకటి రోడ్డు మీద పైకొస్తుంది. బ్రైట్ వేస్తే టక్‌మని రేకు వాలుతుంది. మా మేస్త్రి ఇది చూడకుండా పోయాడే అని కళ్లు చెమర్చాయి. డిమ్ అంటే ఇలా ఉండాలని ఆయన జీవితమంతా స్క్రూడ్రైవర్‌తో వెతికాడు.

కానీ గోడ మీద వేసి చూస్తే, వెలుగు అంచు కుడి పక్క పైకి లేచి ఉంది. కుడి వైపు నడిచే దేశాలకు చేసిన సరుకు. మనకు ఎడమ పక్క లేవాలి, మార్జిన్‌లో నడిచే మనిషి కనపడటానికి. కుడి పక్క లేస్తే అది నేరుగా ఎదుటి డ్రైవర్ కంట్లోకే. "తిప్పి పంపెయ్" అన్నాను. వాడికి సెలవు అయిపోతోంది, ముఖం మాడ్చుకున్నాడు, అయినా పంపాడు. మన రోడ్డుకు సరిపడేవి వచ్చేసరికి వారం పట్టింది.

మళ్లీ గోడ. మా ఇంటి ఎదురుగా ఉన్న గోడకు పాతికడుగుల్లో కారు పెట్టి, వెనక సీట్లో మా ఆవిడను, కోడల్ని కూర్చోబెట్టాను. బలపం ముక్కతో గీత గీశాను. "తాతా, నూటికి ఒకటి వాలాలట, పాతికడుగులకు మూడంగుళాలు" అని ఫోన్‌లో చూసి చెప్పాడు మనవడు. నేను నాలుగు వేళ్లు గోడకు ఆనించాను. వాడు టేపు పెట్టి కొలిచాడు. మూడంగుళాలే.

అదే రాత్రి అందరం గిద్దలూరు పోయి వచ్చాం. తిరుగుదారిలో కంభం దాటాక ఎదురుగా ఒక లారీ. మనవడు దూరం నుంచే డిమ్ కొట్టాడు. రెండు క్షణాలు ఆగి లారీ కూడా డిమ్ కొట్టింది. ఆ మధ్యలో మార్జిన్ వెంట నడిచిపోతున్న ఇద్దరు ఆడవాళ్లు, నెత్తిన మూటలు, స్పష్టంగా కనపడ్డారు. లారీ మమ్మల్ని దాటుతూ చిన్నగా ఒక హారన్ మోగించింది.

"ఎందుకు కొట్టాడు తాతా?" అన్నాడు మనవడు.