22వ సెక్టార్ వరండా

ఈ వరండా పుట్టింది చండీగఢ్ 22వ సెక్టార్‌లో, ఊరంతా ఇంకా పొలాలుగా, ఇటుక గుట్టలుగా ఉన్న రోజుల్లో. 1947లో దేశం రెండైంది, లాహోర్ సరిహద్దు అవతలికి పోయింది. రాజధాని లేని పంజాబ్ కోసం 1951లో లె కార్బూజియే కొత్త నగరానికి ప్లాను గీశాడు. ఆయన జట్టులోని పియర్ జన్నరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఇళ్ల సంగతీ బజార్ల సంగతీ చూసుకున్నారు. కింద కొట్టు, పైన ఇల్లు, ముందు వరండా: ఆ కాలపు బజార్ల పద్ధతి ఇది.

కన్నది వాస్తుశిల్పులే అయినా, కాపలా కాసింది చట్టం. భవనం ముఖభాగం ఎలా ఉండాలో, ఏ చోట కొట్లు పెట్టకూడదో ఆదేశించే అధికారాన్ని 1952 నాటి రాజధాని చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. అందుకే కొట్ల యజమానులు వేరైనా స్తంభాల వరుస తెగలేదు. మండుటెండలో వచ్చినవాళ్లు కూడా నీడలోనే కొట్టు తర్వాత కొట్టు చూసుకుంటూ పోవచ్చు. తన కొట్టు ముందు జాగాను పదిమంది నడకకు వదలమంటే ఏ యజమానికైనా కష్టమే. ఆ కష్టం అందరి మీదా సమానంగా పడింది కనుకే ఊరికి నీడ దక్కింది.

సెక్టార్ అంటే సుమారు 1,200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. దాని నడుమ సాగే బజారు వీధిని వీ4 అంటారు. ప్లాను ప్రకారం కొట్లు దానికి ఒకవైపే, ఎండకు పెడమొహంగా ఉండాలి. కొనేవాళ్లు మాటిమాటికీ రోడ్డు దాటక్కర్లేదు. పిల్లల చేయి పట్టుకొచ్చే తల్లులకూ, చేతికర్ర పట్టుకొచ్చే తాతలకూ ఇంతకన్నా మేలు చేసిన నియమం ఈ వరండాకు తెలియదు.

వాడకం మీద పెట్టిన నియమాల కథ వేరు. పై అంతస్తు ఇల్లుగానే ఉండాలన్నారు. అద్దెలు పెరిగాయి, ఇళ్లలోకి ఆఫీసులొచ్చాయి. వాటి వెనకే నోటీసులు, జరిమానాలు, స్థలమే వెనక్కి తీసుకుంటామన్న హెచ్చరికలు! స్థలం ధర వాయిదాలు కట్టని ఒక కేసులో, స్థలం వెనక్కి తీసుకోవడం ఆఖరి మార్గంగానే ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు కట్టించుకుని పై ఇళ్లను ఆఫీసులుగా మార్చుకోనివ్వడమూ జరిగింది. మంచిదే. జనం బతుకుతెరువు మారుతుంటే గదుల వాడకం మారదా?

మారకూడనిది నడిచే దారి. ఒక కొట్టాయన మొదట వరండాలో స్టూలు వేశాడు. తర్వాత బొమ్మకు చొక్కా తొడిగి నిలబెట్టాడు. ఆపైన చెప్పుల ర్యాకులు వచ్చాయి. ఇప్పుడు ఇద్దరు ఎదురైతే ఒకరు ఎండలోకి దిగాల్సిందే.

హైదరాబాద్ పత్తర్‌గట్టీ రాతి కమానుల నడవా ఈ వరండాకు వయసులో పెద్ద. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ వరుసలోనూ కింద కొట్లే, ముందు నడకే. కొట్టు ముందు నీడ కొట్టువాడి సొంతం కాదన్న నియమం తెలుగు నేలకూ పాతదే.

ఈ వరండా కోరేది ఒక గీత. చక్రాల కుర్చీ సాఫీగా పోయేంత వెడల్పు కొలిచి నేల మీద గీయాలి. అది దాటి సామాను పెడితే, పెద్ద షోరూమైనా చిన్న కొట్టైనా అదే రోజు తీయించాలి. దీపావళి బేరాల రోజుల్లో కూడా.