మిషను హరిశ్చంద్రుడు

మనిషి మాట నమ్మడానికి బ్యాంకుకు బోలెడు కాగితాలు కావాలి. ముదిగుబ్బ రైతు పంట రుణానికి పోతే పాసుపుస్తకం, వన్‌బీ, ఆధార్, వేరే బ్యాంకుల్లో బాకీ లేదన్న సర్టిఫికెట్టు, ఫోటోలు, అన్నీ తెచ్చాక ఇంకేదో తక్కువైందని మళ్లీ ఒక తిరుగుడు. ఇన్ని అయ్యాకే ఆయన ఆయనేనని ఒప్పుకుంటారు. అదే రైతు ఖాతాలోంచి, కార్డు ఆయన జేబులో ఉండగానే, పేరు కూడా వినని ఊళ్లో ఎవడో డబ్బు లాగేస్తే మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. తీసుకున్నది ఆయనేనని మిషను చెప్పింది, అంతే. హరిశ్చంద్రుడి తర్వాత ఈ దేశంలో అబద్ధమాడనిది ఏటీఎం ఒక్కటే. "పిన్ కరెక్టుగానే కొట్టినట్టు సిస్టంలో ఉంది పెద్దాయనా, నువ్వే ఎవరికో చెప్పుంటావు" అన్న తీర్పు కౌంటర్‌లో వెలువడడానికి పాసుబుక్కు ప్రింటయ్యేంత సేపు కూడా పట్టదు.

రిజర్వు బ్యాంకు రాసిన న్యాయం సరిగ్గా దీనికి తలకిందులు. 2017 జూలై 6న గ్రామీణ బ్యాంకులకు కూడా వర్తించేలా ఇచ్చిన ఆదేశం ప్రకారం, అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీలో తప్పు ఖాతాదారుడిదని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. లోపం బ్యాంకుదైతే, ఆయన ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఒక్క రూపాయి భరించనక్కర్లేదు. లోపం ఇద్దరిదీ కాక మధ్యలో మరెక్కడో ఉంటే, బ్యాంకు కబురు అందిన మూడు పని దినాల్లో చెబితే అప్పుడూ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే ఆయన భరించేదానికి ఒక హద్దు ఉంది. అది లావాదేవీకి జనధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు 5,000, మామూలు సేవింగ్సు ఖాతాకు 10,000 రూపాయలు. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో, పోయిన సొమ్మును పోయిన తేదీతోనే ఖాతాలో జమ చేయాలి. 90 రోజుల్లో సంగతి తేల్చాలి. బంగారు రుణాల బోర్డు వేలాడినంత ఠీవిగా ఈ కాగితం గోడకు వేలాడే బ్రాంచి ఎక్కడైనా ఉంటే, దానికి కొబ్బరికాయ కొట్టవచ్చు.

రుజువు భారం ఎవరిదైతే ఏమిటి, చివరికి నిజం బయటికి రాదా అనేవాళ్లు ఇంగ్లండు వైపు ఒకసారి చూడాలి. అక్కడ 1992లో జాన్ మండెన్ అనే పోలీసు కానిస్టేబులు సెలవుల నుంచి తిరిగొచ్చి, తన ఖాతాలో తాను తీయని ఆరు విత్‌డ్రాలు, మొత్తం 460 పౌండ్లు, ఉన్నాయని ఫిర్యాదు చేశాడు. మా సిస్టంలో తప్పు జరగదు గనుక ఈయనే మోసగాడన్నది ఆయన ఖాతా ఉన్న సంస్థ వాదం. 1994లో కోర్టు ఆయనకు శిక్ష కూడా వేసింది. సిస్టం ఎలా పనిచేస్తుందో ఆయన తరఫు నిపుణులను చూడనివ్వమంటే సంస్థ ఒప్పుకోలేదు. చూపించని సాక్ష్యం చెల్లదని 1996లో అప్పీలు కోర్టు అన్నాకగానీ ఆయన నిర్దోషి కాలేదు. దొంగలను పట్టే ఉద్యోగంలో ఉన్నవాడికే ఇంత పట్టిందంటే, శెనక్కాయలు పండించేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికాలో కథ వేరుగా నడిచింది. 1980లో న్యూయార్కు కోర్టు ఒక సామాన్యురాలికీ, సిటీబ్యాంకుకూ నడుమ వచ్చిన 800 డాలర్ల తగాదాలో మిషను మాటకన్నా మనిషి మాటకే విలువిచ్చింది. తగాదా వస్తే రుజువు బ్యాంకే చూపాలన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. కేంబ్రిడ్జి ఆచార్యుడు రాస్ ఆండర్సన్ రెండు దేశాలనూ పోల్చి చెప్పింది విచిత్రంగా ఉంటుంది. భద్రత మీద తక్కువ ఖర్చు పెట్టిన అమెరికా బ్యాంకుల్లోనే మోసాలు తక్కువ. నష్టం తమ నెత్తిన పడుతుందని తెలిసి, ఆ కొద్ది ఖర్చూ పనికొచ్చే చోట పెట్టారు. నష్టం ఖాతాదారుడిదైన చోట బ్యాంకులు నిశ్చింతగా నిద్రపోయాయి. మన దగ్గర రూలు అమెరికాది, కౌంటరు ఇంగ్లండుది.

జనం ఓటీపీలు చెప్పేస్తుంటే బ్యాంకు ఏం చేస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. చెప్పేస్తున్నారు, నిజం. అందుకే అదే ఆదేశంలో, ఖాతాదారుడి నిర్లక్ష్యం వల్ల పోతే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం మొత్తం ఆయనదేనని ఉంది. తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకుది. కానీ "చెప్పుంటావు" అనేది అనుమానం మాత్రమే, రుజువు కాదు. తాళం పగల్లేదు కాబట్టి మూటలు ఎత్తుకుపోయింది రైతేనని గోదాము ఓనరు తేల్చినట్టుంటుంది, మారు తాళంచెవులు ఎన్ని చేయించాడో మాత్రం చెప్పడు. 2016లో దేశంలో 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు ప్రమాదంలో పడింది ఎవరో ఫోనులో పిన్ చెప్పినందుకు కాదు, ఏటీఎంలు నడిపే హిటాచీ సంస్థ కంప్యూటర్లలో వైరస్ దూరినందుకు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా, మన రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ వేళ్లు చేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా డబ్బు లాగింది. వేలు చేతికే ఉంది, ముద్ర మాత్రం ఊరేగింది. పొలం అమ్మినవాడు వేలిముద్ర వేయడం నిర్లక్ష్యమా?

కోర్టులు కూడా ఈ సంగతే చెబుతున్నాయి. అస్సాం ఖాతాదారుడొకరికి సుమారు 94 వేలు పోతే, ఓటీపీతోనే జరిగింది కాబట్టి మా తప్పు లేదని స్టేట్ బ్యాంకు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆయన 24 గంటల్లోనే చెప్పాడని గుర్తుచేసి, 2025 జనవరి 3న కోర్టు బ్యాంకు పిటిషన్‌ను కొట్టేసింది. ఓటీపీలు ఎవరికీ చెప్పొద్దని ఖాతాదారులకూ ఒక మాట అంటించింది, ఆ మాటా న్యాయమే.

మెసేజీ పంపాం, చూసుకోకపోతే మేమేం చేస్తామన్నది ఇంకో వాదం. ఇంట్లో ఒక్కటే ఫోనుంటే అది బెంగళూరులో కూలికి పోయిన కొడుకు చేతిలో ఉంటుంది. ఊళ్లో ఉన్నా మెసేజీ ఇంగ్లీషులో వస్తుంది, అదీ రీచార్జి ప్రకటనల నడుమ. మెసేజీకి స్పందించలేదన్న ఒక్క కారణంతో బ్యాంకు బాధ్యత తప్పించుకోలేదని 2019లోనే కేరళ హైకోర్టు చెప్పింది. ఇక అబద్ధపు ఫిర్యాదులు వెల్లువెత్తుతాయన్న భయం ఉంది. కెమెరా బ్యాంకుది, లాగ్ బ్యాంకుది, ఏ మిషనులో ఏ నిమిషాన తీశారో తెలిసేది బ్యాంకుకే. ఇన్ని ఉన్నవాడు అబద్ధాన్ని పట్టలేకపోతే, ఏమీ లేనివాడు నిజాన్ని ఎలా నిరూపించాలి?

బ్రాంచి మేనేజరు చేతిలో ఏముంది పాపం, అంతా హెడ్డాఫీసు చేతిలోనే కదా అంటారు. ఒప్పుకుందాం. డబ్బు తిరిగిచ్చే అధికారం ఆయనకు లేకపోవచ్చు. ఫిర్యాదు తీసుకుని నంబరు ఇప్పించాల్సిన పని మాత్రం సొంత బ్రాంచికి ఉంది. "ముందు ఎఫ్ఐఆర్ పట్టుకురా" అని పంపేస్తే, ఈయన పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చున్న గంటలు కూడా ఆ మూడు రోజుల్లోనే తరుగుతాయి. గడువు ఆగేది పోలీసులకు చెప్పినందుకు కాదు, బ్యాంకుకు చెప్పినందుకు. సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయడం మంచిదే, డబ్బు దొంగ చేతికి చేరకముందే ఆపే వీలుంటుంది. అయినా బ్యాంకుకు విడిగా చెప్పాల్సిందే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2021 నవంబరులో వచ్చిన పథకం ప్రకారం ముదిగుబ్బ నుంచి ఉత్తరం రాస్తే అది చండీగఢ్ చేరుతుంది. అక్కడ తేలాల్సిన మొదటి సంగతి, బ్యాంకుకు ఏ తేదీన చెప్పారన్నది. ఆ తేదీ ఉండాల్సింది బ్రాంచి ముద్రలో. డబ్బు కట్టే చలానా మీద ఆ ముద్ర దబ్బున పడుతుంది. ఫిర్యాదు కాపీ మీద వేయమంటే, "సారు మీటింగుకు పోయినారు, ఎల్లుండి రాపో" అంటారు. ఎల్లుండికి నాలుగో రోజు.